జేఈఈ పర్సంటైల్ నుంచి ఎంసెట్ లాస్ట్ ర్యాంకు దాకా: రిజల్ట్‌లోని అంకెలు చదవడం ఎలా?

జేఈఈ మెయిన్‌లో అబ్బాయికి 94 వచ్చిందని చెప్పండి. విన్నవాళ్లలో సగం మంది నూటికి 94 మార్కులనుకుని స్వీట్లు అడుగుతారు. మిగతా సగం మంది "అయ్యో, 99 రాలేదా" అంటారు. ఆ 94తో ఏ సీటు వస్తుందో, ఏది రాదో ఇద్దరికీ తెలియదు. చాలా ఇళ్లలో కౌన్సెలింగ్ టెన్షన్‌లో సగం ఇక్కడే మొదలవుతుంది. అంకె చేతిలో ఉంటుంది కానీ దాన్ని దేనితో పోల్చాలో తెలియదు.

ఏ అంకె కనిపించినా ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఇది ఎంతమందిలో, ఎవరెవరి మధ్య వచ్చింది? దానికి జవాబు దొరకకపోతే ఆ అంకెను చూసి సంతోషించాల్సిన పనీ లేదు, ఏడవాల్సిన పనీ లేదు. తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ సీటు కోసం చూసే ఇళ్లకు ప్రధానంగా రెండు పరీక్షలు: జేఈఈ మెయిన్, ఈఏపీసెట్. పేరు మారినా జనం నోట్లో ఇంకా ఎంసెటే కాబట్టి నేనూ అలాగే అంటాను. ఈ రెండింటి అంకెలను వరుసగా చూద్దాం. పక్కన కాగితం, క్యాలిక్యులేటర్ పెట్టుకోండి.

1. మార్కులు, పర్సంటైల్, ర్యాంకు: మూడింటినీ విడదీయండి

జేఈఈ మెయిన్ జనవరి, ఏప్రిల్ అని రెండు సెషన్లుగా జరుగుతుంది, ఒక్కో సెషన్‌లో వేర్వేరు పేపర్లతో చాలా షిఫ్టులు ఉంటాయి. పేపర్ 300 మార్కులకు ఉంటుంది. ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1. కీ చూసుకుని ఇంట్లో లెక్కపెట్టుకునేవి ఈ మార్కులే. కానీ స్కోర్‌కార్డు మీద కనిపించే పెద్ద అంకె మార్కులు కాదు, పర్సంటైల్. మీ షిఫ్ట్‌లో పరీక్ష రాసినవాళ్లలో మీతో సమానంగా గానీ మీకన్నా తక్కువగా గానీ మార్కులు వచ్చినవాళ్లు నూటికి ఎంతమందో అది చెబుతుంది.

ఒక షిఫ్ట్‌లో 60,000 మంది రాశారనుకోండి. వాళ్లలో 56,400 మందికి మీ మార్కులో, అంతకన్నా తక్కువో వచ్చాయి. 56,400ను 60,000తో భాగించి నూటితో గుణిస్తే 94. మీకు 300కి 110 వచ్చాయా, 140 వచ్చాయా అన్నది అందులో ఎక్కడా కనిపించదు. కష్టమైన షిఫ్ట్‌లో 110కే 94 రావచ్చు, తేలికైన షిఫ్ట్‌లో 130 తెచ్చుకున్నా రాకపోవచ్చు.

ర్యాంకు మూడోది. జనవరి సెషన్ ఫలితాల్లో అది ఉండదు. ఏప్రిల్ సెషన్ కూడా అయ్యాక, ప్రతి విద్యార్థికీ రెండింటిలో మెరుగైన స్కోరు తీసుకుని అప్పుడు ఆలిండియా ర్యాంకు ఇస్తారు. జనవరిలో ఎవరైనా "మీ ర్యాంకు ఇది" అని కచ్చితంగా చెబితే అది వాళ్ల అంచనా మాత్రమే.

2. పర్సంటైల్ చేసే తమాషాలు తెలుసుకోండి

స్కోరును ఏడు దశాంశ స్థానాల దాకా ఎందుకిస్తారని పిల్లలు నవ్వుకుంటారు. లక్షల మందిలో ఒకే స్కోరు దగ్గర గుంపులు తగ్గించడానికే అది. అయినా టై అయితే ముందు గణితం స్కోరు, తర్వాత ఫిజిక్స్, తర్వాత కెమిస్ట్రీ చూస్తారు. గణితంలో పట్టున్నవాడికి ఇక్కడ ఒక అడుగు లాభం.

ప్రతి షిఫ్ట్‌లో టాపర్‌కు 100 వస్తుంది. అదే టాప్ మార్కు నలుగురికి వస్తే నలుగురికీ 100. అందుకే ఏటా 100 పర్సంటైల్ వచ్చినవాళ్ల సంఖ్య మారిపోతుంటుంది. 2024లో ఆ జాబితాలో 56 మంది ఉన్నారు. అందులో తెలంగాణ నుంచి 15 మంది, ఆంధ్రప్రదేశ్ నుంచి ఏడుగురు. 2025లో మొత్తం కలిపి 24 మందే. ఏడాదిలో దేశం చదువు సగానికి పడిపోయిందని రాసినవాళ్లను సీరియస్‌గా తీసుకోకండి. ఎన్ని షిఫ్టులు జరిగాయి, పైన ఎంతమంది టై అయ్యారు, పేపర్ ఎంత కష్టంగా ఉంది అన్నవాటి మీద ఆ సంఖ్య నడుస్తుంది.

ఇంకొకటి, ఇది చాలామంది తల్లిదండ్రులను తికమక పెడుతుంది. మూడు సబ్జెక్టుల్లోనూ 97 చొప్పున వచ్చి, టోటల్ 98.5 ఉంటుంది. "సగటు 97 కదా, ఇదెలా?" అంటారు. టోటల్ పర్సంటైల్ సబ్జెక్టు పర్సంటైల్స్ సగటు కానే కాదు. మూడు సబ్జెక్టుల మార్కులు కలిపి, ఆ మొత్తం మీద మళ్లీ వరుస కడతారు. ఒక్క సబ్జెక్టులో బాగా రాసేవాళ్లు చాలామంది ఉంటారు. మూడింటిలోనూ ఒకేలా బాగా రాసేవాళ్లు తక్కువ. అందుకే నిలకడగా రాసిన పిల్లాడు మొత్తం వరుసలో కాస్త ముందుకు వెళ్తాడు. కెమిస్ట్రీలో 99.8 వచ్చి గణితం 70 దగ్గర ఆగిపోయిన పిల్లాడిది వేరే కథ. సబ్జెక్టు పర్సంటైల్ ఫ్లెక్సీకి పనికొస్తుంది, టై అయినప్పుడు పనికొస్తుంది. సీటు మాత్రం టోటల్ మీదే.

జనవరిలో కన్నా ఏప్రిల్‌లో ఎక్కువ మార్కులు తెచ్చుకుని తక్కువ పర్సంటైల్ రావడం కూడా సహజమే. పేపర్ తేలికైతే అందరికీ మార్కులు పెరుగుతాయి. మెరుగైనదాన్నే తీసుకుంటారు కాబట్టి రెండోసారి రాయడం వల్ల నష్టం లేదు.

3. పర్సంటైల్ నుంచి ర్యాంకు అంచనా వేయండి

లెక్క చిన్నదే. 100లోంచి మీ పర్సంటైల్ తీసేయండి. మిగిలినదాన్ని మొత్తం విద్యార్థుల సంఖ్యతో గుణించి 100తో భాగించండి.

చిక్కంతా ఆ "మొత్తం సంఖ్య" దగ్గరే. 2025లో జనవరి సెషన్ రాసినవాళ్లు సుమారు 12.58 లక్షలు, ఏప్రిల్ సెషన్ రాసినవాళ్లు సుమారు 9.92 లక్షలు. రెండూ కూడితే వచ్చే 22.5 లక్షలు తీసుకోకూడదు. రెండుసార్లూ రాసినవాళ్లను ఒక్కసారే లెక్కపెడితే సుమారు 14.75 లక్షలు. మీకు కావలసింది ఇదే. జనవరి సంఖ్యతో చేస్తే ర్యాంకు ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపిస్తుంది, ఎందుకంటే ఏప్రిల్‌లో మాత్రమే రాసేవాళ్లు, ఏప్రిల్‌లో మెరుగుపడేవాళ్లు ఆ లెక్కలో లేరు.

14.75 లక్షలతో చేస్తే ఇలా వస్తుంది:

99.5 పర్సంటైల్‌కు దాదాపు 7,400
99కి 14,750
98కి 29,500
95కి 73,750
94కి 88,500
90కి 1,47,500

మన 94 అబ్బాయి 88,500 దగ్గర ఉన్నాడన్నమాట. అంచనా కాబట్టి అటూ ఇటూ జరుగుతుంది. చివరి అంకె దాకా నమ్మి గొడవ పడొద్దు.

ఈ వరుసను ఇంకోసారి చూడండి. ఎక్కడైనా ఒక పర్సంటైల్ అంటే ఒకే సంఖ్య, 14,750 మంది. కానీ 99 నుంచి 98కి దిగితే ర్యాంకు రెట్టింపవుతుంది. 91 నుంచి 90కి దిగితే 1,32,750 కాస్తా 1,47,500 అవుతుంది, అంతే. పైన ఉన్నవాళ్లకు పాయింట్ తర్వాతి అంకెలు కూడా కాలేజీని మార్చేస్తాయి. 80ల్లో ఉన్నవాళ్లు వాటి గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

సోషల్ మీడియాలో తిరిగే "ఇన్ని మార్కులకు ఇంత పర్సంటైల్" పట్టికలు చూసేవాళ్లకు ఒక మాట. అది ఏ ఏడాది, ఏ షిఫ్ట్ పట్టికో అందులో రాయకపోతే పక్కన పెట్టేయండి. మార్కులను ఏడాదికీ ఏడాదికీ పోల్చడం ఎంత మోసమో నీట్ చూస్తే తెలుస్తుంది. 2024లో మొదటి ఫలితాల్లో 67 మందికి 720కి 720 వచ్చాయి, సవరించాక 17 మంది మిగిలారు. 2025లో దేశం మొత్తం మీద టాప్ మార్కే 686. ముందటేడు మార్కులు మనసులో పెట్టుకుని కూర్చున్న ఇళ్లలో ఆ రోజు ఎంత గందరగోళమో చెప్పనక్కర్లేదు.

4. ఎవరైనా "కటాఫ్" అంటే ఏ కటాఫో అడగండి

ఒకే మాటను మూడింటికి వాడుతున్నాం. ఐఐటీ సీట్ల కోసం పెట్టే జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయడానికి అర్హత కటాఫ్ ఒకటి. కాలేజీలో సీటు ఆగిపోయిన చివరి ర్యాంకు రెండోది. ఎంసెట్‌లో ర్యాంకు ఇవ్వడానికి కావలసిన కనీస మార్కులు మూడోది: 160కి 40, ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీసం లేదు. మొదటి కటాఫ్ దాటినవాడికి ఎన్‌ఐటీ సీటు ఖాయమని కొందరు, దాటనివాడికి ఎన్‌ఐటీ, ట్రిపుల్ ఐటీల తలుపులే మూసుకుపోయాయని కొందరు అనుకుంటారు. రెండూ తప్పే. ఎన్‌ఐటీ సీటు మెయిన్ ర్యాంకు మీద ఇస్తారు. అడ్వాన్స్‌డ్ అర్హతతో దానికి పనిలేదు.

ఈ అర్హత కటాఫ్ ఎలా పుడుతుందో తెలిస్తే పత్రికల హెడ్డింగులు చూసి కంగారు పడరు. అడ్వాన్స్‌డ్‌కు దాదాపు 2.5 లక్షల మందిని పంపుతారు. రిజర్వేషన్లు పోను అన్‌రిజర్వ్‌డ్ వాటా 40.5 శాతం, అంటే 1,01,250 మంది. 2023లో మెయిన్ రాసినవాళ్లు సుమారు 11.13 లక్షలు. 1,01,250 అందులో 9.1 శాతం. 100లోంచి తీస్తే 90.9. ఆ ఏడాది జనరల్ కటాఫ్ 90.7788642. 2025లో 14.75 లక్షల మంది రాశారు. అదే 1,01,250 ఇప్పుడు 6.86 శాతమే, అంటే 93.14 దగ్గర. వచ్చిన కటాఫ్ 93.1023262.

ఇంట్లో కూర్చుని వేసిన లెక్క ఇంత దగ్గరగా రావడానికి కారణం ఉంది. కటాఫ్ పెరిగింది పేపర్ తేలికై కాదు, పిల్లలు ఒక్కసారిగా తెలివి మీరీ కాదు. రాసేవాళ్లు పెరిగారు, పంపే సంఖ్య అంతే ఉంది. వచ్చే ఏడాది కటాఫ్ ఊహించాలన్నా ముందు చూడాల్సింది ఎంతమంది రాశారన్నదే.

5. మీ ర్యాంకును సరైన వరుసలో పెట్టండి

ఐఐటీ, ఎన్‌ఐటీ, ట్రిపుల్ ఐటీ సీట్లకు కేంద్ర కౌన్సెలింగ్ జరిపే జోసా వెబ్‌సైట్‌లో కాలేజీ, బ్రాంచ్ వారీగా ఓపెనింగ్, క్లోజింగ్ ర్యాంకులు ఉంటాయి. వాటిని చదవడంలో అందరికన్నా ఎక్కువగా పొరపడేది రిజర్వేషన్ ఉన్న విద్యార్థులు. ఓబీసీ వరుసలో క్లోజింగ్ ర్యాంకు 9,000 అని ఉంటే అది ఓబీసీ జాబితాలోని ర్యాంకు. ఆలిండియా ర్యాంకు కాదు. 30,000 ఆలిండియా ర్యాంకు ఉన్న ఓబీసీ విద్యార్థి ఆ 9,000 చూసి ఆశ వదిలేసుకుంటాడు, తన కేటగిరీ ర్యాంకు అంతకన్నా మెరుగ్గా ఉన్నా సరే. స్కోర్‌కార్డు మీద రెండు ర్యాంకులూ ఉంటాయి. ఓపెన్ వరుసకు ఆలిండియా ర్యాంకు, కేటగిరీ వరుసకు కేటగిరీ ర్యాంకు. ఈడబ్ల్యూఎస్, ఎస్సీ, ఎస్టీలకూ ఇదే పద్ధతి.

రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు. అప్లికేషన్ నింపేటప్పుడే చూసుకోవాలి. కేంద్ర ఫార్మాట్‌లో సర్టిఫికెట్ లేకపోతే కౌన్సెలింగ్ మధ్యలో జనరల్‌లోకి మారిపోతారు, అప్పుడు చేతిలో ఉన్న కేటగిరీ ర్యాంకు ఎందుకూ పనికిరాదు.

రెండో కాలమ్ కోటా. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు హోమ్ స్టేట్, సగం ఇతర రాష్ట్రాలకు. వరంగల్ ఎన్‌ఐటీలో హోమ్ స్టేట్ వరుస తెలంగాణ పిల్లలకు, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో ఆంధ్ర పిల్లలకు. ట్రిపుల్ ఐటీలకు ఈ గొడవ లేదు, అంతా ఆలిండియానే. ఇక్కడ హోమ్ స్టేట్ అంటే పన్నెండో తరగతి, అంటే మన ఇంటర్, పాసైన రాష్ట్రం. పుట్టిన ఊరు కాదు, ఆధార్ చిరునామా కాదు. గుంటూరు అమ్మాయి హైదరాబాద్‌లో రెండేళ్లు ఇంటర్ చదివితే జోసా దృష్టిలో ఆమెది తెలంగాణ. ఎంసెట్‌లో లోకల్ తేల్చే పద్ధతి వేరు. అక్కడ ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా చదువు ఎక్కడ సాగిందో స్టడీ సర్టిఫికెట్లు చూస్తారు. అదే అమ్మాయి పదో తరగతి దాకా గుంటూరులోనే చదివి ఉంటే ఎంసెట్‌కు ఆంధ్ర లోకల్‌గానే ఉంటుంది. ఒకే మనిషికి రెండు కౌన్సెలింగుల్లో రెండు రాష్ట్రాలు. వింతగా ఉన్నా రూల్ అదే, ప్లాన్ దాన్నిబట్టే వేసుకోవాలి.

అమ్మాయిలు జెండర్ న్యూట్రల్, ఫిమేల్ ఓన్లీ వరుసలు రెండూ చూడాలి. రెండో దాంట్లో క్లోజింగ్ ర్యాంకు సాధారణంగా వెనక దాకా వెళ్తుంది. ఇక రౌండ్ విషయం: ఆశ పెట్టుకోవడానికి మొదటి రౌండ్ కాదు, చివరి రౌండ్ చూడండి. జోసా అయ్యాక మిగిలిన ఎన్‌ఐటీ, ట్రిపుల్ ఐటీ సీట్లకు సీశాబ్ స్పెషల్ రౌండ్లు కూడా ఉంటాయి.

6. ఎంసెట్ నార్మలైజేషన్‌ను ఒక్కసారి చేత్తో వేసి చూడండి

ఎంసెట్‌లో 160 ప్రశ్నలు, 160 మార్కులు, మైనస్ మార్కులు లేవు. గణితం 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఇదీ చాలా సెషన్లలో (జేఈఈ షిఫ్టుల లాంటివే) జరుగుతుంది కానీ జేఈఈలా పర్సంటైల్ ఇవ్వదు. మార్కులనే సవరిస్తుంది. కీలో 90 చూసుకున్నవాడికి ర్యాంకు కార్డు మీద 95 ఉంటే, పక్కింటి 100 కాస్తా 95 అయి ఉంటే, "ఏదో కలిపారు, ఏదో తీసేశారు" అని అపోహలు పుడతాయి. కలపడంలో ఒక పద్ధతి ఉంది.

సూత్రానికి నాలుగు అంకెలు కావాలి. మీ సెషన్‌లో సగటు మార్కు, ప్రామాణిక విచలనం కలిపితే వచ్చేది ఒకటి. మీ సెషన్‌లో టాప్ 0.1 శాతం మంది సగటు మార్కు ఇంకొకటి. ఈ రెండూ అన్ని సెషన్లకూ కలిపి లెక్కిస్తే మిగతా రెండు. ప్రామాణిక విచలనం అంటే మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. చాలామంది సగటు దగ్గరే ఉంటే అది చిన్నది, మార్కులు దూరదూరంగా ఉంటే పెద్దది.

లెక్క కోసం నేను ఊహించిన అంకెలు తీసుకుందాం. అన్ని సెషన్లకూ కలిపి సగటు 52, విచలనం 21, కలిపితే 73. టాప్ 0.1 శాతం సగటు 146.

కష్టమైన సెషన్: సగటు 48, విచలనం 20, కలిపితే 68. టాప్ సగటు 140.
తేలికైన సెషన్: సగటు 56, విచలనం 22, కలిపితే 78. టాప్ సగటు 151.

కష్టమైన సెషన్‌లో 90 వచ్చిన అమ్మాయిని చూద్దాం. 90లోంచి 68 తీస్తే 22. ఇప్పుడు 146లోంచి 73 తీస్తే 73, 140లోంచి 68 తీస్తే 72. 73ను 72తో భాగిస్తే 1.014. దాన్ని 22తో గుణిస్తే 22.3. దానికి 73 కలిపితే 95.3.

తేలికైన సెషన్‌లో 100 వచ్చిన అబ్బాయి: 100లోంచి 78 తీస్తే 22. 151లోంచి 78 తీస్తే 73, పైన కూడా 73, నిష్పత్తి ఒకటి. 22కి 73 కలిపితే 95.

చేతిలో 10 మార్కులు తక్కువున్న అమ్మాయి ర్యాంకులో ముందుంది. మోసమేమీ లేదు. ఆ అబ్బాయి తన సెషన్ వరుసలో ఎక్కడున్నాడో, ఈమె తన సెషన్ వరుసలో దాదాపు అక్కడే, ఒక్క వెంట్రుకవాసి ముందు ఉంది. సూత్రం ఆ రెండు స్థానాలను ఒకే కొలత మీదికి తెచ్చింది.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. అన్ని సెషన్లలోనూ పిల్లల స్థాయి దాదాపు ఒకేలా ఉందని అది నమ్ముతుంది. ఒక సెషన్‌లోకి బాగా చదివేవాళ్లు ఎక్కువగా పడితే, అక్కడ సగటు పెరగడానికి పేపర్ తేలికవడమే కారణమని సూత్రం అనుకుంటుంది. ఒక్కో సెషన్‌లో వేలమంది ఉంటారు కాబట్టి ఆ తేడా సాధారణంగా చిన్నదే. పర్సంటైల్ పద్ధతికీ ఇదే పరిమితి. ఒకే రోజు ఒకే పేపర్ పెట్టనంత కాలం ఇంతకన్నా నిక్కచ్చి మార్గం నాకైతే కనిపించలేదు.

7. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ వెయిటేజీ కలపండి

తెలంగాణలో 2023 నుంచి ఇంటర్ వెయిటేజీ తీసేశారు. నార్మలైజ్ అయిన ఎంసెట్ మార్కులతోనే ర్యాంకు. ఆంధ్రలో 75 శాతం ఎంసెట్, 25 శాతం ఇంటర్ గ్రూప్ సబ్జెక్టులు. కరోనా ఏళ్లలో ఆపి, 2023 నుంచి మళ్లీ పెట్టారు.

గ్రూప్ మార్కులు 600కి అనుకుంటే, ఒక ఎంసెట్ మార్కు విలువ 75ను 160తో భాగిస్తే వచ్చే 0.469. ఒక ఇంటర్ మార్కు విలువ 25ను 600తో భాగిస్తే వచ్చే 0.042. ఒక ఎంసెట్ మార్కు 11 ఇంటర్ మార్కులకు కాస్త పైనే సమానం. "ఇంటర్ ఎలాగూ వచ్చేస్తుంది" అని వదిలేసినవాళ్లకు దీని అసలు అర్థం ఇది: ఎంసెట్‌లో 80, ఇంటర్‌లో 580 ఉన్నవాడికి 37.5, 24.17 కలిపి 61.67. ఎంసెట్‌లో 88, ఇంటర్‌లో 470 ఉన్నవాడికి 41.25, 19.58 కలిపి 60.83. ఎనిమిది మార్కుల ఆధిక్యం ఆవిరైపోయింది. మార్కులు కిక్కిరిసి ఉండే మధ్య భాగంలో ఆ 0.84 తేడా చాలా ర్యాంకులను తినేస్తుంది.

8. లాస్ట్ ర్యాంకు పట్టికను అనుమానంగా చదవండి

కౌన్సెలింగ్ వెబ్‌సైట్లలో పాత ఏళ్ల లాస్ట్ ర్యాంకులు ఉంటాయి. కాలేజీ, బ్రాంచ్, కేటగిరీ, అబ్బాయి లేదా అమ్మాయి. ఇది అన్నిటికన్నా ఉపయోగపడే కాగితం. అడ్డంగా తప్పుదోవ పట్టించేదీ ఇదే.

మొదట, ఆ కాలమ్‌లో ఎన్ని సీట్లున్నాయో చూడండి. ప్రైవేటు కాలేజీలో 60 సీట్ల బ్రాంచ్‌లో ఎంసెట్ ర్యాంకుతో నింపే కన్వీనర్ కోటా 70 శాతం, అంటే 42. బీసీ-సీకి ఒక శాతం అంటే అర సీటు కూడా రాదు. అలాంటి చోట ఒక్క విద్యార్థి వచ్చి చేరితే అతని ర్యాంకే లాస్ట్ ర్యాంకు. ఒక ఏడాది 12,000, మరుసటేడు 48,000 అని కనిపిస్తే కాలేజీ పరువు పోయిందని అర్థం కాదు, ఒక మనిషి మారాడు. ఓసీ, బీసీ-బీ లాంటి పెద్ద కాలమ్‌లు కాస్త స్థిరంగా ఉంటాయి. చిన్న కాలమ్‌లో ఉన్నవాళ్లు ఓసీ కాలమ్‌ను కూడా పక్కన పెట్టుకుని చదవాలి. ర్యాంకు దాని లోపల ఉంటే ఆ సీటు వాళ్లకూ వస్తుంది.

రెండు, రూల్స్ ఎప్పుడు మారాయో గుర్తుపెట్టుకోండి. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ ఎస్సీ వర్గీకరణ వచ్చింది. అంతకుముందు ఏళ్ల ఉమ్మడి ఎస్సీ కాలమ్‌ను ఇప్పటి మూడు గ్రూపుల్లో దేనికీ యథాతథంగా వాడలేం. తెలంగాణలో అదే ఏడాది నుంచి, లోకల్ కానివాళ్లకూ తెరిచి ఉండే 15 శాతం కోటాకు ఆంధ్ర విద్యార్థులు పోటీ పడే వీలు పోయింది. దాని ప్రభావం చూడండి. ఒక కాలేజీ కంప్యూటర్ సైన్స్ 5,000 ర్యాంకు దగ్గర ఆగేదనుకుందాం, ఆ 5,000 మందిలో 700 మంది అటువైపు పిల్లలనుకుందాం. వాళ్లు పరీక్షే రాయకపోతే మిగతా అందరూ ముందుకు జరుగుతారు. ఇంతకుముందు 5,000 ఉన్న పిల్లాడికి ఇప్పుడు 4,300 వస్తుంది. లాస్ట్ ర్యాంకు 4,300 అని చూసి "ఈ కాలేజీకి డిమాండ్ పెరిగిపోయింది" అంటారు. ఏమీ పెరగలేదు, వరుస పొట్టిదైంది.

పొట్టిదైన మాట నిజం. తెలంగాణ ఇంజనీరింగ్ ఎంసెట్‌ను 2024లో సుమారు 2.40 లక్షల మంది రాస్తే, 2025లో 2.07 లక్షల మంది రాశారు. 40,000 ర్యాంకు అంటే మొదటి ఏడాది పైనుంచి 16.6 శాతం, రెండో ఏడాది 19.3 శాతం. అన్నకూ తమ్ముడికీ ఒకే ర్యాంకు వచ్చిందని ఇద్దరినీ ఒకే గాట కట్టే ముందు ఇది లెక్కేయండి.

మూడు, సీట్లు పూర్తిగా నిండని కాలేజీలో లాస్ట్ ర్యాంకు లక్షన్నర ఉంటే ఆ అంకెకు అర్థం లేదు. అక్కడ ఎవరు అడిగితే వాళ్లకు ఇచ్చారు. కంప్యూటర్ సైన్స్ సీట్లు ఏటా పెంచుకుంటూ పోయే కాలేజీల్లోనూ లాస్ట్ ర్యాంకు వెనక్కి జారుతుంది. అది కాలేజీ చెడిపోయిందనడానికి రుజువు కాదు, బాగుందనడానికీ కాదు.

నా పద్ధతి ఇది: చివరి ఫేజ్ పట్టికలు మూడేళ్లవి తీసుకుంటాను. ఒక బ్రాంచ్‌కు 8,200, 9,900, 7,400 ఉన్నాయనుకోండి. 7,400 లోపు ర్యాంకు ఉంటే నిశ్చింత. 9,900 దాకా అవకాశం. 12,000 ఉన్నా ఆప్షన్ పెట్టడానికి డబ్బులేమీ అడగరు. తెలంగాణలో బీసీ, ఈబీసీ కుటుంబాలకు ఇంకో గీత కూడా ఉంది: 10,000 లోపు ర్యాంకుకు పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్, అది దాటితే పరిమితి. ఆ రూల్‌ను ఆ ఏడాది ఉత్తర్వుల్లో చూసుకోండి, ఎందుకంటే 9,900కూ 10,100కూ మధ్య తేడా రెండు వందల ర్యాంకులే అయినా ఖర్చులో తేడా లక్షల్లోకి వెళ్లగలదు.

9. ప్రకటనల్లో "ఒకటి, ఒకటి, ఒకటి" వినిపిస్తే

టీవీ సౌండ్ తగ్గించి మూడు అడగండి. ఆ ర్యాంకులు ఓపెన్‌వా, కేటగిరీవా? ఆ కాలేజీ నుంచి మొత్తం ఎంతమంది రాశారు? ఆ ఫొటోలోని పిల్లాడు అక్కడ రెండేళ్ల క్లాసులు విన్నాడా, ఒక టెస్ట్ సిరీస్ కొన్నాడా? మూడోదానికి జవాబు ప్రకటనలోనే ఉండాలని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబర్‌లో కోచింగ్ రంగానికి మార్గదర్శకాలు ఇచ్చింది. విద్యార్థి పేరు, ర్యాంకు, తీసుకున్న కోర్సు, దాని కాలవ్యవధి చెప్పాలి. రెండోదానికి మాత్రం ఎవరూ జవాబివ్వరు. వెయ్యి మందిలో వందమందికి మంచి ర్యాంకులొచ్చిన చోటు, 40 వేలమందిలో 500 మందికి వచ్చిన చోటుకన్నా మీ పిల్లాడికి మెరుగు కావచ్చు. ఫ్లెక్సీ మీద మాత్రం 500 ఫొటోలే గొప్పగా కనిపిస్తాయి.

10. ఆప్షన్లు పెట్టడం

ఇన్ని లెక్కలూ వేశాక చాలామంది చివరి మెట్టు మీద జారుతారు. "నా ర్యాంకుకు వచ్చే కాలేజీ" అనుకున్నదాన్ని మొదటి ఆప్షన్‌గా పెట్టేస్తారు. జోసాలో గానీ ఎంసెట్‌లో గానీ అలా చేయాల్సిన అవసరం లేదు. అలాట్‌మెంట్ ర్యాంకు వరుసలో జరుగుతుంది. మీ వంతు వచ్చినప్పుడు మీ జాబితాను పైనుంచి కిందికి చూసి, ఖాళీ ఉన్న మొదటిది ఇస్తారు. పైన అందని కాలేజీలు పది పెట్టినా కింద ఉన్నదాని మీద మీ హక్కు తగ్గదు. కాబట్టి ఇష్టం ప్రకారం వరుస పెట్టండి. లాస్ట్ ర్యాంకుల లెక్క వాడాల్సింది జాబితా ఎంత కిందిదాకా వెళ్లాలో తేల్చుకోవడానికి. 7,400 లోపు నిశ్చింత అనుకున్నామే, అలాంటివి నాలుగైదు అడుగున ఉండేలా చూసుకోండి. అవి లేకుండా ఆపేసిన జాబితాలే సీటు రాకుండా మిగిలిపోతాయి. మరో జాగ్రత్త: వచ్చినా చేరబోమనుకున్న కాలేజీని జాబితాలో అసలు పెట్టొద్దు.

జోసాలో ఆప్షన్లు లాక్ చేసేముందు మాక్ అలాట్‌మెంట్ చూపిస్తారు. అందులో వచ్చిన సీటును నమ్ముకోవద్దు, అప్పటికి చాలామంది ఇంకా ఆప్షన్లు మారుస్తూ ఉంటారు. కానీ మీరు ఊహించిన పరిధికి అది చాలా దూరంగా ఉంటే కేటగిరీ, హోమ్ స్టేట్, బ్రాంచ్ కోడ్ మూడూ మళ్లీ చూసుకోండి. చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. లాకింగ్ చివరి రోజు రాత్రి దాకా ఆగకుండా ముందు రోజే సేవ్ చేసి ప్రింట్ తీసుకోండి. ఆఖరి గంటలో సర్వర్లు మొరాయించడం మామూలే.